గోడకు కట్టేసిన ఆవు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఆషాఢ మాసంలో ఒక సోమవారం, మా పుంగనూరు కౌంటర్ నుంచి మదనపల్లె వర్క్‌షాపుకు ఒక ఆర్డర్ స్లిప్పు వచ్చింది. అప్పటికి నేను కటింగ్ సెక్షన్ ఇన్‌చార్జిని. స్లిప్పు మీద ఉన్నవి మూడే ముక్కలు: ఆవు ఫొటో, అసలు సైజు, రిమూవబుల్. పార్టీ పేరు రత్నమ్మ అని, డెలివరీ శనివారమని రాసి ఉంది. ఏ గోడకు, ఎందుకు అన్న వివరాలేమీ లేవు. పుంగనూరు కౌంటర్ చూసుకునే బాషా మంచివాడే కానీ, ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం. ఎదుటివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు, ఎదురు ప్రశ్న వేయడు. ఈ విషయంలో నేను అతని కంటే ఏమంత మెరుగు కాదని ఆ తర్వాతి వారంలో తేలింది.

మా సంస్థ ఫొటోల నుంచి గోడ స్టిక్కర్లు తయారుచేసేది. వర్క్‌షాపు మదనపల్లెలో ఉండేది. పుంగనూరులోనూ కుప్పంలోనూ ఆర్డర్లు తీసుకునే కౌంటర్లు ఉండేవి. ఫొటోలోని మనిషిని, వెనకనున్న ప్రహరీ గోడ, పక్కింటి సైకిలు, ఆరేసిన బట్టలు ఏవీ లేకుండా, ఒంటి అంచు వెంబడే కోసి ఇవ్వడం మా ప్రత్యేకత. దాన్ని కాంటూర్ కటింగ్ అంటారు. పిల్లల పుట్టినరోజులకు, పెళ్లి జంటలకు, బడి గోడలకు ఎక్కువగా అడిగేవాళ్లు. ‘స్టిక్కరే కదా’ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. అందుకని పని ఎలా జరుగుతుందో కొంచెం చెబుతాను.

ఫొటోను కంప్యూటర్లో తెరిచి, అంచు వెంబడి ఒక సన్నని గీత గీస్తాం. అది కటింగ్ పాత్. పాయింటు పక్కన పాయింటు పెట్టుకుంటూ చేత్తోనే గీయాలి. ప్రింటర్ ఈ గీతను అచ్చు వేయదు. ఫొటోను మాత్రమే వినైల్ అనే పలచటి ప్లాస్టిక్ షీటు మీద అచ్చు వేసి, నాలుగు మూలలా నల్లటి గుర్తులు పెడుతుంది. షీటు ఒక రోజంతా ఆరాలి. ఆరాక ప్లాటర్ అనే కటింగ్ మెషీన్‌కు ఎక్కిస్తే, అది ఆ నల్ల గుర్తులను చదువుకుని గీత వెంబడి బ్లేడు నడుపుతుంది. బ్లేడు పైనున్న వినైల్‌ను కోయాలి, జిగురుకు అడుగునున్న కాగితాన్ని కోయకూడదు. దీన్ని హాఫ్ కట్ అంటాం. ఒత్తిడి ఎక్కువైతే కాగితం తెగి షీటంతా చేతికొస్తుంది, తక్కువైతే స్టిక్కర్ ఊడిరాదు. కోత అయ్యాక చుట్టూ ఉన్న వేస్టు ఒలిచి, పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి గోడకు చేరుస్తాం. రిమూవబుల్ రకానికి జిగురు మెత్తగా ఉంటుంది. ఎప్పుడు తీసినా గోడకు మరక పడకుండా వస్తుంది.

నాది కురబలకోట. మావాళ్లు గొర్రెలు పెంచేవాళ్లు. చదువయ్యాక మదనపల్లెలో ఒక ఫొటో స్టూడియోలో నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో మచ్చలు సరిచేసే పనికి కుదిరాను. స్టూడియో మూతపడ్డాక ఈ సంస్థలో హెల్పర్‌గా చేరి, ఆపరేటర్, సీనియర్ ఆపరేటర్ మెట్లు ఎక్కి ఇన్‌చార్జిని అయ్యాను. ఇన్‌చార్జి అయినవాళ్లు సాధారణంగా బయటికి వెళ్లరు. కొలతలకు, అంటించడానికి ఫిట్టర్లు ఉంటారు. రత్నమ్మ ఆర్డర్‌కు మాత్రం నేనే వెళ్లాను. కారణం చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ప్రాణమున్న దేన్నీ అప్పటిదాకా అసలు సైజులో ఒకే ముక్కగా కోయలేదు. మా వినైల్ రోలు వెడల్పు నాలుగడుగుల పైచిలుకు. ఒంగోలు ఎద్దయితే రెండు ముక్కలు అతకాలి, మధ్యలో అతుకు కనబడుతుంది. పుంగనూరు ఆవు మూడడుగులు కూడా ఉండదు. నిలువునా ఒకే షీటులో వస్తుంది. ఆ అవకాశం ఫిట్టర్ల చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

మంగళవారం పొద్దున బస్సులో పుంగనూరు వెళ్లాను. బాషా నన్ను రత్నమ్మ ఇంటికి తీసుకెళ్లాడు. యాభై ఐదేళ్ల మనిషి. రెండు నెలల కిందట బావి గట్టు మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. వంగకూడదు, బరువెత్తకూడదు అని డాక్టర్ చెప్పాడు. భర్త పోయి చాలా కాలమైంది. పక్కింట్లో తమ్ముడి కొడుకు కుటుంబం ఉంది, వాళ్లకు వాళ్ల పనులున్నాయి. ఆవును వసారాలోనే కట్టేవాళ్లు. గోడ అడుగున ఒక ఇనుప రింగు ఉంది, దానికి పలుపు ముడి. ఆవు పేరు బుజ్జక్క. బూడిద రంగు కలిసిన తెలుపు, ఆరో నెల చూలు. మంచం మీద నుంచే రత్నమ్మ దాన్ని అదిలించేది, అది చెవి తిప్పేది.

“శుక్కురారం కుప్పం పోతాదమ్మా. గడ్డి కోసేదానికి నా సేత కాదు. గోడ బోసిగా ఉంటే సూడలేను, అందుకే సెప్పినా” అంది.

అమ్మేశారా, మేపడానికి ఇచ్చారా అని నేను అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదేనని అప్పుడు తోచలేదు. టేపుతో గోడ మీద రింగు ఎక్కడుందో కొలిచాను. మూపురం దగ్గర ఆవు ఎత్తు కొలిచాను. ముప్పై నాలుగు అంగుళాలు. గోడకు ఎమల్షన్ పెయింటు ఉంది. సున్నం గోడైతే స్టిక్కర్ నిలవదు, పొడితో సహా రాలిపోతుంది. సెల్లో టేపు ముక్క అంటించి పీకి చూశాను, పొడి రాలేదు. ఆవుకు పక్కవైపు నేల మీద కూర్చుని, దాని కడుపు ఎత్తులో కెమెరా పెట్టి ఫొటో తీశాను. నిలబడి తీస్తే కాళ్లు పొట్టిగా, వీపు వెడల్పుగా వస్తాయి. పలుపు విప్పితే కదులుతుందని కట్టేసే తీశాం.

బుధవారం కటింగ్ పాత్ గీయడానికి కూర్చున్నాను. కొమ్ములు, చెవులు, తోక కుచ్చు ఎప్పుడూ ఉండే కష్టాలే. పలుపు దగ్గర ఆగాను. మెడ చుట్టూ ఒక చుట్టు, అక్కడి నుంచి కిందికి వేలాడుతూ వచ్చి గోడ అడుగున రింగు దాకా. అరంగుళం వెడల్పు, మూడడుగుల పొడవు. ఇలాంటివి మామూలుగా తీసేస్తాం. సన్నటి పొడుగు పట్టీ వేస్టు ఒలిచేటప్పుడు సాగుతుంది, అంటించేటప్పుడు వంకరపోతుంది. మా మేనేజర్ అటుగా వెళుతూ చూసి, తాడు తీసేయండి మేడం, తలనొప్పి అన్నాడు. ఆ మాట అనకపోతే తీసేసేదాన్నేమో. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తాడును ఉంచడమే కాదు, ఎక్కడెక్కడ పీచు లేచిందో అక్కడ కూడా పాయింట్లు పెట్టాను. పైగా గోడ మీద రింగు ఎంత ఎత్తులో ఉందో కొలత తెచ్చుకున్నాను కదా, బొమ్మ తాడు సరిగ్గా ఆ నిజం రింగులోకి వెళ్లి ఆగేలా వంపు సరిచేశాను. సాయంత్రానికి పూర్తయింది. ఆ రోజు నా మీద నాకు ఎంత మురిపెం కలిగిందో దాచుకోవడం ఎందుకు.

శనివారం అంటించాం. బుజ్జక్క ముందురోజే వెళ్లిపోయింది. గోడ తుడిచి, స్టిక్కర్‌ను మధ్యలో టేపుతో నిలిపి, ఒక్కొక్క సగం కింది కాగితం ఒలుస్తూ, స్క్వీజీ పలకతో మధ్య నుంచి అంచులకు గాలి తోసుకుంటూ వచ్చాను. తాడు ముక్కకు మాత్రం బాషాను నేల మీద కూర్చోబెట్టి కింది కొస పట్టించాను. ట్రాన్స్‌ఫర్ టేపు తీసేసరికి తాడు ఒక్క వెంట్రుక వాసి కూడా పక్కకు పోకుండా రింగులో దిగింది. బాషా చప్పట్లు కొట్టాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి, ఆవు మళ్లా వచ్చిందా అని అడిగారు. రత్నమ్మ వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

“బాగుండాదా అమ్మా?” అన్నాను.

“బాగుండాది” అంది. ఇంకేమీ అనలేదు. అది సంతోషంతో వచ్చిన మౌనమని నేను లెక్క కట్టుకుని, మూడు గంటల బస్సెక్కాను.

మంగళవారం మధ్యాహ్నం బాషా ఫోన్ చేశాడు. “అక్కా, నువ్వు ఆవును కట్టేసినావంట. ఇప్పుడు వచ్చి ఇప్పాలంట” అన్నాడు. ఎవరు అన్నారంటే, కుప్పం ఆయన ఈడనే ఉండాడు, మాట్లాడు అని ఫోన్ ఇచ్చేశాడు.

ఆయన పేరు గోవిందప్ప. కుప్పం దగ్గర పల్లెలో మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచుతాడు. వాళ్లమ్మ పెద్దావిడ, పెద్ద ఆవును పట్టలేదు కాబట్టి పొట్టి ఆవును కొన్నాడు. కొన్నాడు అన్న మాట నేను వినడం అప్పుడే మొదటిసారి. ఆవు శుక్రవారం సాయంత్రం దిగినప్పటి నుంచి మేత ముట్టడం లేదు. “నీళ్లు తాగుతాండాది. గడ్డి రెండు పరకలు నోట పెట్టి ఇడిసేస్తాది. డాక్టరు సూసినాడు, జొరం లేదన్నాడు, జాగా మారింది కదా అన్నాడు. సూలుది కదమ్మా, ఎన్నాళ్లు ఓర్సుకుంటాది?” అన్నాడు. రత్నమ్మ దాన్ని ఎలా మేపేదో అడిగి తెలుసుకుందామని ఆ రోజు తానే పుంగనూరు వచ్చాడు. వీధి మలుపు తిరగగానే వసారాలో ఆవు కనబడింది. తన ఇంటి నుంచి తప్పించుకుని ఇంత దూరం వచ్చేసిందా అనుకున్నాడట. దగ్గరికి వచ్చాక బొమ్మ అని తెలిసింది. పలుపు చూశాడు. అది నేరుగా రింగులోకి పోవడం చూశాడు. వెంటనే వాళ్లమ్మకు ఫోన్ చేశాడు.

ఆవిడ అన్న మాట ఆయన నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు: “ఆడ కట్టేసి ఈడ తినమంటే యాడ తింటాది?”

మా ప్రాంతంలో పశువును అమ్మినా పలుపును అమ్మరు. అమ్మినవాళ్లు తమ పలుపు తామే విప్పి ఉంచుకుంటారు, కొన్నవాళ్లు కొత్త పలుపు తెచ్చుకుని కట్టుకుని తోలుకుపోతారు. పలుపు కూడా పోతే ఇంటి పాడి పోతుందని అమ్మేవాళ్ల నమ్మకం. పాత పలుపు విప్పనిదే పశువు కొత్తచోట మచ్చిక కాదని కొనేవాళ్ల నమ్మకం. నాకిది తెలియనిది కాదు. అయితే మాది గొర్రెల ఇల్లు, గొర్రెకు పలుపు ఉండదు, ఆ మర్యాద నా చేతుల మీదుగా ఎన్నడూ జరగలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు నాకు కనబడింది ఒక కష్టమైన గీత మాత్రమే.

అయినా ఫోన్లో వాదించాను. ఆవు శుక్రవారం నుంచి తినడం లేదు, స్టిక్కర్ అంటించింది శనివారం, ఒక రోజు ముందు జరిగినదానికి నా స్టిక్కర్ ఎలా కారణమవుతుంది అన్నాను. గోవిందప్ప ఓపిగ్గా విన్నాడు. “నిజమేనమ్మా” అన్నాడు. “గురువారం దాకా సూస్తా. తినకుంటే వెనక్కి తెచ్చి ఇడస్తా. నా ఇంట్లో అది సచ్చిపోతే మా అమ్మ బతకదు” అన్నాడు.

వెనక్కి తెస్తే ఏమవుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రత్నమ్మ వంగలేదు, గడ్డి కోయలేదు, పేడ ఎత్తలేదు. తమ్ముడి కొడుకు దాన్ని ఏదో ఒక సంతకు తోలేస్తాడు, చేతికి దొరికినవాడికి ఇచ్చేస్తాడు. కడుపుతో ఉన్న ఆవు, తిండి మానేసిన ఆవు. నాకు మొదటిసారి భయం వేసింది.

తాడు తీయడం చిన్న పనే. కానీ సగమే చిన్న పని. వేలాడుతున్న భాగం గోడ మీద ఉంది, కోసి ఒలిస్తే వస్తుంది. మెడ చుట్టూ ఉన్న చుట్టు ఆవు ఒంటి మీదే అచ్చయి ఉంది. దాన్ని ఒలిస్తే మెడ తెగినట్టు గోడ కనబడుతుంది. దాని మీద అతికించడానికి ఒక పట్టీ కావాలి. పాత స్టూడియో విద్య పనికొచ్చింది. ఆవు భుజం మీది వెంట్రుకల తీరు కొంచెం కొంచెంగా తెచ్చి మెడ మీద నింపి, తాడు కంటే రెండు మిల్లీమీటర్లు వెడల్పుగా పట్టీ గీసి ప్రింటు వేశాను. ఒక రోజు ఆరనిదే కోయకూడదన్నది నేను పెట్టిన నియమమే. దాన్ని నేనే తప్పాను. మర్నాడు పొద్దున తడి వాసన పోకముందే కోసి, సంచిలో పెట్టుకుని, ఇంట్లో నుంచి హెయిర్ డ్రైయర్ తీసుకుని బస్సెక్కాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

వసారాలో గోవిందప్ప ఉన్నాడు. రాత్రి పుంగనూరులోనే చుట్టాలింట్లో ఆగిపోయాడట. రత్నమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. నేను తప్పు నాదేనని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“నేనూ సూసినా కదమ్మా. నువ్వు అతికించిన పొద్దే సూసినా. పలుపుండాదే అనుకున్నా. నోరిప్పలేదు” అంది. గోడ వైపు చూసి, “ఉంటే ఉండనీలే అనిపించింది” అంది.

గోవిందప్ప అప్పుడు ఇంకో సంగతి బయటపెట్టాడు. నిందలా అనలేదు, జ్ఞాపకం చేస్తున్నట్టే అన్నాడు. శుక్రవారం ఆవును పంపేటప్పుడు పలుపు విప్పింది తమ్ముడి కొడుకు. రత్నమ్మ బయటికి రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. “మా అమ్మ అదే అడగతా ఉండాది. అమ్మినామె సేత్తో ఇప్పిందా, ఇంకెవురన్నా ఇప్పినారా అని. నేను అబద్ధం సెప్పినా” అన్నాడు.

నేను డ్రైయర్ ప్లగ్ పెట్టి, కట్టర్ తీసి, మెడ దగ్గర తాడు మొదలయ్యే చోట సన్నగా గీటు పెట్టాను. వినైల్‌ను వేడి చేసి ఒలవాలి. చల్లగా ఉండగా లాగితే తెగుతుంది, మరీ వేడెక్కితే సాగుతుంది. గోడకు దాదాపు ఆనుకునేలా వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగాలి. ఇది ఫిట్టర్లకు వారం రోజులు నేర్పే పని. అంచు గోటితో లేపి లాగబోతుంటే రత్నమ్మ వాకర్ పట్టుకుని లేచింది.

“నేనే ఇప్పాల” అంది.

ఎలా పట్టుకోవాలో ఒక్క మాటలో చెప్పాను. వినిపించుకుందో లేదో తెలియదు. ఒక చేయి వాకర్ మీద, ఇంకో చేత్తో తాడు అంచు పట్టుకుంది. నేను డ్రైయర్ గాలి ఆమె వేళ్ల కంటే రెండు అంగుళాల ముందు ఉండేలా చూసుకుంటూ కిందికి దించుతూ వచ్చాను. మోకాలి ఎత్తుకు వచ్చేసరికి ఆమెకు వంగడం కుదరలేదు. గోవిందప్ప కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చుని లాగింది. ఇంకా కిందికి పోవాలి. తమ్ముడి కొడుకు భార్య వచ్చి తాను తీస్తానంది, వద్దంది. కుర్చీ అంచుకు జరిగి, ఒక కాలు చాపుకుని, రింగు దాకా లాగింది. తాడు ఎక్కడా తెగకుండా ఒకే ముక్కగా వచ్చింది. ఇంత పొడవు సన్నటి పట్టీ తెగకుండా తీయడం మా ఫిట్టర్లలో ఇద్దరికే చేతనవును.

కొస రింగు నుంచి విడిపోయాక ఆమె ఏడ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గట్టిగానే ఏడ్చింది. నేను డ్రైయర్ ఆపలేదు. ఆ చప్పుడు ఉంటే వీధిలోకి వినబడదని.

తర్వాత మెడ మీద పట్టీ అంటించాను. రంగు సరిపోలేదు. ఆరకముందే కోసినందువల్లో, వేరే రోజు ప్రింటు కావడం వల్లో ఒక పిసరు పాలిపోయింది. దగ్గర నుంచి చూస్తే మెడ చుట్టూ తెల్లటి చార. ఇది నా లెక్కలో లోపం, మళ్లీ చేసి పంపుతానని చెప్పాను. రత్నమ్మ వేలితో ఆ చార తడిమింది.

“ఏం వద్దులేమ్మా. ఇప్పినాక మెడ ఇట్లే కదా ఉండేది” అంది.

నిజమే. ఏళ్ల తరబడి పలుపు ఒరుసుకున్న మెడ మీద వెంట్రుక పలచబడి చార పడుతుంది. నేను మళ్లీ చేయలేదు.

గోవిందప్ప వెళ్లేటప్పుడు రత్నమ్మ ఒక గోనె సంచి నిండా చెనక్కాయ కట్టె ఇప్పించింది. ఆమె ఇంట్లో ఆవుకు ఎండుమేత ఆ కట్టే, అంటే కాయలు కోశాక ఎండబెట్టిన వేరుశనగ చెట్లు. కుప్పంలో వరిగడ్డి వేస్తున్నారు. రెండూ కలిపి వేయమని, వరిగడ్డిని రోజూ కొంచెం కొంచెం పెంచమని చెప్పింది. “బుజ్జక్కా అని పిలిస్తే పలకతాది. పేరు మార్చొద్దని మీ అమ్మకు సెప్పప్పా” అంది.

గురువారం సాయంత్రం బాషా ఫోన్ చేశాడు. ఆవు మేసిందని కుప్పం నుంచి కబురు. పలుపు విప్పినందుకు మేసిందని గోవిందప్ప తల్లి అన్నదట. చెనక్కాయ కట్టె అలవాటు కాబట్టి మేసిందని పశువుల డాక్టర్ అన్నాడట. నన్నడిగితే తేల్చను. రెండూ ఒకే రోజు జరిగాయి, విడదీసి చూసే వీలు లేదు. నాలుగు నెలల తర్వాత కుప్పం కౌంటర్ తనిఖీకి వెళ్లినప్పుడు పెయ్య దూడ పుట్టిందని విన్నాను. ఆ కబురు రత్నమ్మకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. దూడ పుట్టిన రోజే గోవిందప్ప తల్లి ఫోన్ చేసి, పేరు ఆమెనే పెట్టమందట.

ఆ వారం వర్క్‌షాపుకు తిరిగి వెళ్లాక ఆర్డర్ స్లిప్పులో ఒక వరుస చేర్పించాను. ఫొటోలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి. పార్టీ ఫొటో మీద వేలు పెట్టి అంచు చూపించాలి, కౌంటర్‌లో ఉన్నవాళ్లు అది రాసుకోవాలి, రాయకపోతే కటింగ్ సెక్షన్ స్లిప్పు తీసుకోదు. మేనేజర్ అనవసరపు శ్రమ అన్నాడు. బాషా కూడా గొణిగాడు. నేను పట్టువదలలేదు. ఆ వరుస వల్ల చాలా సంగతులు తెలిశాయి. భుజం మీద పడ్డ చేయి ఎవరిదో, దాన్ని ఉంచమంటారో తీసేయమంటారో అడిగితేనే చెప్పేవాళ్లు. అడగకపోతే ఇచ్చింది పుచ్చుకుని, బాగుంది అనేసి వెళ్లిపోయేవాళ్లు. బాగుంది అన్న మాటను పని సరిగ్గా వచ్చిందనడానికి రుజువుగా తీసుకోవడం నేను అప్పటి నుంచి మానేశాను.

ఎంత సన్నటి అంచునైనా మెషీన్ కోస్తుంది. ఆ అంచు లోపల ఏది ఉండాలో దానికి తెలియదు. నాకూ తెలియదు. ఆ ఇంటివాళ్లకు తెలుస్తుంది, వాళ్లను అడగడం నా ఉద్యోగంలో భాగం. ఈ సంగతి నేర్చుకునేసరికి నా సర్వీసులో రెండేళ్లే మిగిలాయి.